ఒక దేశపు పట్టము మఱియొక దేశమున చెల్లునా?

వానను నమ్ముకొన్న మెట్టపొలములే ఆధారముగా గల మన కర్నూలు, కడప జిల్లాలలో, బిడ్డను వైద్యుని చేయగోరి పొలమును తాకట్టుపెట్టు తల్లిదండ్రులు గలరు. కర్నూలున 1957లోను, కడపలో 2006లోను వైద్యకళాశాలలు నెలకొన్నవి. అచ్చట చదివినవారిలో కొందఱు పైశిక్షణకై పరదేశముల కేగుదురు. ఇచ్చట స్థానము దొరకనివారిలో కొందఱు మొదటి పట్టమునకే సముద్రము దాటుదురు. ఇట్టివారి మేలు గోరి ఈ విషయమును వివరింపదలచితిమి.

వైద్యునకు కావలసినవి మూడు: పట్టము, శిక్షణము, అనుమతి. పట్టమును విశ్వవిద్యాలయ మిచ్చును. శిక్షణమును ఆసుపత్రి యిచ్చును. రోగికి చికిత్స చేయుటకు అనుమతిని మాత్రము ఆయా దేశపు వైద్యమండలియే యీయవలయును. మొదటి రెండును మనుష్యుని వెంట వచ్చును. మూడవది సరిహద్దు దాటదు. పరదేశమున ఏమి నేర్పిరో తెలియక రోగి ప్రాణమును ఒకరి చేతి కప్పగింపరాదు గదా!

జమ్మలమడుగున లండను మిషనుకు చెందిన డాక్టరు క్యాంబెల్ గారు వైద్యము చేసిన కాలమున బ్రిటిషు పట్టము ఈ దేశమున చెల్లుచుండెను. మన పట్టములకు మాత్రము 1930లో బ్రిటను నందలి జనరల్ మెడికల్ కౌన్సిల్ గుర్తింపును ఉపసంహరించెను. అటుపిమ్మట 1933 నాటి చట్టముచే మన దేశమునకు స్వంత వైద్యమండలి యేర్పడెను. 1975లో బ్రిటను మరల గుర్తింపును తీసివేయగా, మనవారికి అచ్చట ప్రత్యేకపరీక్ష తప్పనిసరి యయ్యెను.

మదరాసులో చదివి 1923లో బోస్టను చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సైతము, చికిత్స చేయుటకు అనుమతి లేనందున, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకపు పని చేసి పొట్టపోసికొనిరి. పిదప పరిశోధనమున లోకప్రసిద్ధి గాంచిరి.

ప్రత్యేకశాస్త్రములలో నిబంధనలు మఱింత కఠినములు. ఇచ్చట ఎం.డి. పొందినవారు సైతము అమెరికాలో సాధారణముగా ఆసుపత్రి శిక్షణమును మరల మొదటినుండి చేయవలయును. బ్రిటనులో ఎం.ఆర్.సి.పి. పరీక్ష నెగ్గినంత మాత్రమున నిపుణుల పట్టికలో పేరు చేరదు. తమ జ్ఞానము, నైపుణ్యము, అనుభవము అచ్చటి నిపుణునకు తగినవని పత్రములతో నిరూపింపవలయును. మన దేశము 2008లో అమెరికా, బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశముల ఉన్నతపట్టములను, అవి ఆ దేశములలో నిపుణత్వమునకు చెల్లునవైనచో, గుర్తించుటకు అంగీకరించెను. ఇతరదేశములలో మొదటి పట్టము పొందినవారికి 2002 నుండి 300 ప్రశ్నల పరీక్ష కలదు. అందు 150 మార్కులు రావలయును.

కావున విద్యార్థులారా, రుసుము చెల్లింపకముందే మూడు ప్రశ్నలు వేయుడు: ఈ పట్టముతో ఆ దేశముననే వైద్యము చేయవచ్చునా? మన వైద్యమండలి దీనిని అంగీకరించునా? ఎంతకాలము, ఏ భాషలో నేర్పుదురు? ప్రత్యుత్తరమును దళారి నోటినుండి కాక, వైద్యమండలి ప్రకటనలనుండియే గ్రహింపుడు. శిక్షణకాలమున చేసిన ప్రతి చికిత్సకును అధికారి సంతకముగల లెక్క నుంచుకొనుడు. ఏండ్లు గడచిన పిమ్మట ఆ కాగితములే మీ పక్షమున సాక్ష్యమిచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: పొలము అమ్మిన పిదప అడుగు ప్రశ్నను అమ్మకముందే అడుగుడు.