నార్మల్ రిపోర్టు చెప్పనిది

తల దువ్వుకుంటున్నప్పుడో, పుస్తెలతాడు సర్దుకుంటున్నప్పుడో చేతికి తగులుతుంది. గొంతు ముందు, కాస్త పక్కగా, రేగుపండంత గడ్డ. నొప్పి ఉండదు కాబట్టి కొన్నాళ్లు పట్టించుకోరు. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ‘థైరాయిడేమో, రక్తపరీక్ష చేయించు’ అంటారు. టీఎస్‌హెచ్ నార్మల్ అని వస్తుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

మేడ్చల్‌ను ఆనుకుని, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న అత్వెల్లిలో ఆసుపత్రికి దారి తెలియని ఇల్లు ఉండదు. తెలియాల్సింది ఏ పరీక్ష దేనికన్నదే. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేస్తోందా? దీనికి టీఎస్‌హెచ్, టీ4 జవాబు చెబుతాయి. గ్రంథిలో పెరిగిన గడ్డ ఎలాంటిది? ఇది వేరే ప్రశ్న. క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్లలోనూ చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. అలాగని రక్తపరీక్ష వృథా కాదు. టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఉంటే గడ్డే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తోందని అనుమానించి ఐసోటోప్ స్కాన్ రాస్తారు. అలాంటి గడ్డల్లో క్యాన్సర్ అరుదు.

గ్రంథి పనితీరునూ గడ్డనూ ఒకటే అనుకోవడానికి కారణం లేకపోలేదు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దల్లో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. ఇంటికో థైరాయిడ్ మాత్రల సీసా కనిపిస్తున్న రోజుల్లో గొంతులో ఏం వచ్చినా ఆ ఖాతాలోకే పోతోంది.

అనుభవమున్న డాక్టరు రిపోర్టు కన్నా ముందు మెడ చూస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి ఓ గుక్క మింగమంటారు. మింగినప్పుడు గడ్డ పైకి లేచి దిగితే అది థైరాయిడ్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉండి, నాలుక బయటపెట్టినప్పుడు కూడా పైకి కదిలితే పుట్టుకతో మిగిలిపోయిన నీటితిత్తి కావచ్చు. మెడ పక్కన బిళ్లలు కట్టి ఉంటే మన దగ్గర టీబీని మరవకూడదు. దానికి సర్కారు దవాఖానాల్లో పరీక్షలు, మందులు ఉచితం.

తర్వాతి మెట్టు మెడకు అల్ట్రాసౌండ్. గడ్డ అంచులు, లోపలి సున్నపు చుక్కలు, గట్టిదనం చూసి టైరాడ్స్ లెక్కన అనుమానం ఎంతో చెబుతారు. అవసరమైతే సూది పరీక్ష. సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి గాజుపలక మీద పరిచి చూస్తారు. సూది పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం ఇప్పటికీ చాలామందిని ఆపేస్తోంది. అలా జరగడం అత్యంత అరుదు. ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో 6 తరగతులుగా ఇస్తారు. మొదటి తరగతి అంటే కణాలు చాలలేదని అర్థం, మళ్లీ తీయాలి. థైరాయిడ్ గడ్డల్లో పదింట తొమ్మిదికి పైగా ప్రమాదం లేనివే.

గడ్డ లేనివాళ్లు కూడా స్కాన్ల కోసం పరుగెత్తాలా? అక్కర్లేదనే నా మాట. దక్షిణ కొరియాలో అలా అందరికీ స్కాన్లు చేసుకుంటూ పోతే 1993-2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ఎందరో అనవసరంగా కోత పెట్టించుకున్నారు.

అయోడిన్ ఉప్పు సంగతీ చెప్పాలి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గొంతువాపు తగ్గుతుందని నిరూపించింది. 1962లో ఆ వాపు నియంత్రణకు జాతీయ కార్యక్రమం వచ్చింది. అది కోట్లమందికి మేలు చేసింది. కానీ పెరిగిన గడ్డ ఉప్పు మార్చితే కరగదు, పసరు పూస్తే అసలే కరగదు.

మేడ్చల్ ప్రభుత్వాసుపత్రిలో మొదలుపెట్టి, ఘన్‌పూర్ మెడిసిటీకో, గాంధీకో, నిమ్స్‌కో వెళ్లవచ్చు. ఎక్కడికెళ్లినా పాత రిపోర్టులన్నీ, స్కాన్ ఫిల్ముతో సహా, వెంట తీసుకెళ్లండి. గడ్డ త్వరత్వరగా పెరుగుతున్నా, రాయిలా గట్టిగా ఉన్నా, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయకండి. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.