ఎడారి నేర్పిన ధర్మం

తొలి నాగరికతలు నదీతీరాలలో వికసించాయని చరిత్ర చెబుతుంది. నైలు, యూఫ్రటీసు, సింధు నదుల ఒడ్డున పంటలు పండాయి, నగరాలు వెలిశాయి. కాని ఏడాది పొడుగునా పారే నది ఒక్కటైనా లేని చోట కూడా మానవుడు జీవించాడు. జీవించడమే గాక విశిష్టమైన సంస్కృతిని నిర్మించుకున్నాడు. అరబ్బు దేశాల ఎడారులలోను, వాటిని ఆనుకొని ఉన్న రాతికొండలలోను తరతరాలుగా నివసిస్తున్న బెదూయిన్ల జీవితమే అందుకు నిదర్శనం. అరబ్బీ భాషలో 'బాదియా' అంటే ఎడారి భూమి. అక్కడ నివసించేవారు 'బదూ'లు. ఆ మాటే పాశ్చాత్య భాషలలో బెదూయిన్ అయింది.

గమ్యం లేకుండా తిరిగేవారే సంచారులని మనం సాధారణంగా భావిస్తాం. బెదూయిన్ల సంచారం అటువంటిది కాదు. శీతకాలంలో వానలు కురిసినప్పుడు ఎడారి లోపలి భాగాలలో పచ్చిక మొలుస్తుంది. అప్పుడు వారు ఒంటెలను, గొర్రెలను, మేకలను తోలుకొని అక్కడికి వెళ్తారు. వేసవిలో పచ్చిక ఎండిపోగానే బావులున్న చోటికి, చల్లని ఎత్తైన ప్రదేశాలకు తరలివస్తారు. ఏ తెగ ఎక్కడ మేపుకోవాలో, ఏ బావి ఎవరిదో ముందే నిర్ణయమై ఉంటుంది. అయినప్పటికీ దాహంతో వచ్చిన బాటసారికి నీరు లేదనడం వారి దృష్టిలో మహాపరాధం.

ఈ ప్రయాణాలకు ఒంటె ప్రాణాధారం. రోజుల తరబడి నీరు లేకుండా నడవగల ఈ జంతువు, నీరు దొరికినప్పుడు కొద్ది నిమిషాలలోనే సుమారు 100 లీటర్లు త్రాగగలదు. అది బరువులు మోస్తుంది, పాలిస్తుంది. మనుషులు తినలేని ముళ్ళకంపలను తాను మేసి, మనుషులకు ఆహారాన్ని అందిస్తుంది.

బెదూయిన్ల గుడారాన్ని 'బైత్ అల్ షఅర్' అంటారు. వెంట్రుకల ఇల్లు అని దాని అర్థం. స్త్రీలు మేకవెంట్రుకలను కదురుతో వడికి, నేలమీద పరచిన మగ్గంపై పొడవైన పట్టీలుగా నేస్తారు. ఆ పట్టీలను కలిపి కుడితే గుడారం తయారవుతుంది. ఎండ కాసినప్పుడు నేతలోని సందుల గుండా వేడిగాలి, పొగ వెలుపలికి పోతాయి. వాన పడినప్పుడు నూలు ఉబ్బి, ఆ సందులు మూసుకొని, నీరు లోపలికి దిగదు. గుడారం నడుమ రంగురంగుల తెర ఒకటి వేలాడుతుంది. తెరకు ఒకవైపు కుటుంబం, రెండవవైపు అతిథులు. ఇంటిని నేసేది, నిలబెట్టేది, ప్రయాణవేళ విప్పి ఒంటెపై కట్టేది కూడా ముఖ్యంగా స్త్రీలే.

అతిథిమర్యాద ఈ సంస్కృతికి ఆయువుపట్టు. వచ్చినవాడు అపరిచితుడైనా మూడు రోజుల పాటు ఆశ్రయమివ్వడం ఆచారం. అతని రక్షణభారం గృహస్థుదే. అతిథి రాగానే కాఫీగింజలను నిప్పులపై వేయించి, రోటిలో దంచి, యాలకులు చేర్చి కాఫీ కాస్తారు. చిన్న గిన్నెలో కొద్దిగా మాత్రమే పోస్తారు. చాలనుకున్న అతిథి నోటితో చెప్పనక్కరలేదు. గిన్నెను మెల్లగా అటూ ఇటూ కదిపితే చాలు. ఈ ఔదార్యం కలిమి వలన పుట్టినది కాదు, లేమి వలన పుట్టినది. నేడు అన్నం పెట్టినవాడు రేపు దారి తప్పి మరొకరి గుడారం ముందు నిలబడవలసి రావచ్చు. ఎడారిలో ఒంటరిగా ఎవ్వరూ బ్రతకలేరన్న సత్యమే అక్కడ ధర్మంగా రూపొందింది.

బెదూయిన్లందరూ ఇసుకలోనే నివసించరు. ఈజిప్టులోని సీనాయి ద్వీపకల్పపు దక్షిణ భాగంలో ఎత్తైన కొండలున్నాయి. అక్కడి జబలియా తెగవారి పేరుకు కొండవారని అర్థం. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి నిర్మించిన సెయింట్ కేథరిన్ క్రైస్తవ మఠానికి కాపలాదారులుగా తమ పూర్వులు వచ్చారని వారు చెప్పుకొంటారు. వారు ముస్లిములు. అయినా మఠంతో వారి అనుబంధం శతాబ్దాలుగా కొనసాగుతూనే ఉంది. కొండలోయలలో రాతిగోడలు కట్టి, బావులు త్రవ్వి, బాదం, అంజూర, దానిమ్మ తోటలను వారు పెంచారు. శీతకాలపు వాన, మంచు ఆ బావులకు ఆధారం. కాలక్రమాన వానలు తగ్గి, యువకులు కూలిపనులకు పోగా కొన్ని తోటలు పాడుబడ్డాయి.

ఇటువంటి మార్పు అంతటా వచ్చింది. 20వ శతాబ్దంలో దేశాల సరిహద్దులు పాత సంచారమార్గాలకు అడ్డుపడ్డాయి. లారీలు రావడంతో ఒంటెల అవసరం తగ్గింది. చమురు సంపద పెరిగిన గల్ఫ్ దేశాలలో అనేక బెదూయిన్ కుటుంబాలు పట్టణాలలో స్థిరపడగా, వారి మందలను మేపే పని విదేశీ కూలీలకు వచ్చింది. ఉపాధికై అక్కడికి వెళ్ళిన తెలుగువారిలో కొందరు కూడా ఆ ఎడారులలో గొర్రెలను, ఒంటెలను కాశారు.

జోర్డాన్ దేశంలోని పెట్రాలో జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. రెండువేల ఏళ్ళకు పూర్వమే నబాటియన్లు కొండలను తొలిచి నిర్మించిన నగరమది. వారు రాతిలో చెక్కిన నీటితొట్లను, గుహలను బదూల్ మొదలైన తెగలవారు తరతరాలుగా వాడుకుంటూ వచ్చారు. 1985లో పెట్రా ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. ఆ కాలంలోనే బదూల్ కుటుంబాలను గుహల నుండి సమీపంలోని ఉమ్ సైహూన్ అనే కొత్త గ్రామానికి తరలించారు. అక్కడ వారికి పక్కా ఇళ్ళు, బడి, విద్యుత్తు లభించాయి. కాని తాతల నాటి నివాసం దూరమైంది. సరిగా ఇరవై ఏళ్ళకు, 2005లో, పెట్రా, వాదీ రమ్ ప్రాంతాల బెదూయిన్ల జీవనసంస్కృతిని యునెస్కో మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. పశుపోషణ, మూలికావైద్యం, గుడారాల నేత, కొండలెక్కే నేర్పు, మౌఖిక కవిత్వం అందులో చేరాయి.

మొదట రాళ్ళు వారసత్వమయ్యాయి. ఆ తరువాతనే మనుషుల జీవనం వారసత్వమైంది. కట్టడాన్ని కంచె వేసి కాపాడవచ్చు. గాలివాటు చూసి వాన రాకను పసిగట్టే నేర్పును, అపరిచితునికి నీరందించే ధర్మాన్ని కంచె వేసి కాపాడలేం. అవి ఆచరించే మనుషులుంటేనే నిలుస్తాయి. బడి, వైద్యం కోరుకోవడం బెదూయిన్ల హక్కు. వాటికోసం తమ పూర్వుల విజ్ఞానాన్ని వదులుకోనక్కరలేని పరిస్థితిని కల్పించడం వారసత్వాన్ని గౌరవించే వారందరి బాధ్యత.