సైకిలు సీటు నెన్నుకొనుట

కన్నెతనమున బడికి సైకిలుపై పోయి, కాపురమునకు వచ్చిన పిదప మాని, పిల్లలు పెద్దవారైన తరువాత మరల తొక్కగోరు గృహిణులు మా యెరుకలో కొందరు గలరు. వారి కోరిక చాల ఉచితమైనది. ఏలూరు, తాడేపల్లిగూడెముల దిగువ కొల్లేటి లంకల వరకును నేల పళ్లెమువలె చదునుగా నుండును. ఎక్కవలసిన గుట్టలు లేవు. బ్యాంకునకో, మందులకో, పిల్లవాని బడికో పోవుటకు ఇంటి మగవారి తీరికకై కాచుకొనవలసిన పనియు నుండదు.

అయినను వారిలో కొందరు పది దినములు తొక్కి, సైకిలును వసారాలో గోడకు చేర్చి విడిచిపెట్టుచున్నారు. అడిగినచో ఎండ యందురు, ఎదురుగాలి యందురు, వయసు వచ్చిన దందురు. అసలు కారణము సీటువలని నొప్పి. చెప్పరాని చోటు గనుక తల్లితోనైనను చెప్పరు. ప్రసవములచే తమ దేహమే చెడినదని తలంతురు. పెక్కుమార్లు దోషము దేహమునందు లేదు, సీటునం దున్నది. దానిని మార్చుకొనవచ్చును.

గట్టి బల్లపై నిటారుగా కూర్చుండి అరచేతులను క్రింద నుంచినచో రెండు ఎముకల బుడిపెలు తగులును. సైకిలుపై దేహభారమును మోయవలసినవి యివియే. సాధారణముగ స్త్రీలకు వీని నడిమి యెడము పురుషులకంటె ఎక్కువ. తమ్మునిదో, కుమారునిదో గేరు సైకిలున కుండు సన్నని సీటుపై కూర్చుండినచో ఎముకలు అంచులు దాటిపోయి, భారమంతయు నడుమనున్న సుకుమారమైన కండపై పడును. తిమ్మిరియు మంటయు అందువలననే కలుగును.

అంగడివారు స్త్రీ యడుగగానే మిక్కిలి మెత్తని సీటును చూపుదురు. వ్రేలితో నొక్కి చూచి మనమును మురిసిపోదుము. ఏలూరు తివాచీ సుఖముగ నుండుటకు దాని క్రింద గట్టి నేల యుండుటయే కారణము గదా! ఆధారము లేని మెత్తదనములో ఎముకలు దిగబడిపోవును. నడిమి స్పాంజి పైకుబికి కండనే యొత్తును. ఇట్టి సీటు పావుగంట హాయిగా నుండి గంటకు బాధించును. వ్రేలికి కొంచెము గట్టిగా తోచుచు, వెడల్పు సరిపోవునదియే మేలు.

ఆ వెడల్పును ఇంటిలోనే తెలిసికొనవచ్చును. గాళ్లుగల పార్సెలు డబ్బా అట్టను గట్టి బల్లపై పరచి, పలుచని వస్త్రముతో, సైకిలుపై కూర్చుండు రీతిగా దానిపై ఒక నిమిషము కూర్చుండవలెను. లేచి చూచిన రెండు గుంటలు కనబడును. వాని నడిబిందువుల దూరమును పిల్లల స్కేలుతో కొలువుడు. 11 మొదలు 15 సెంటీమీటర్ల లోపల నుండుట సామాన్యము. నిటారుగా కూర్చుండు లేడీస్ సైకిలునకు ఆ కొలతపై 3, 4 సెంటీమీటర్లు చేర్చి సీటు తీసికొనవలెను. ముందునకు వంగి తొక్కువారికి 2 చాలును. అంతకు మించినచో తొడలు రాచుకొనును.

ఇది నేడు పుట్టిన బాధ కాదు. 1890 తరువాత అమెరికా, యూరపులలో స్త్రీలు విరివిగా సైకి లెక్కినపుడే వైద్యులు ఈ యొత్తిడిని గూర్చి హెచ్చరింపగా, నడుమ ఖాళీ విడిచిన సీట్లు అంగళ్లకు వచ్చినవి. నేటి నడిమిగాడి సీట్లు వాని సంతతియే. ఫ్రాన్సెస్ విల్లార్డు అను అమెరికా విదుషి 53వ యేట సైకిలు నేర్చి, 1895లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. పొరుగున తమిళనాటి పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి తొలి యేండ్లలో అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. వయసునకు జంకువారికై ఈ మాట వ్రాసితిమి.

సీటు మంచిదైనను బిగింపు చెడినచో ఫలము లేదు. పానా చేతబట్టుట మనమే నేర్వవలెను. మొదటి వారము మునివ్రేళ్లు రెండును నేలకు తగులునంత తగ్గించి, పిదప వ్రేలెడేసి పెంచుచు, మడమను క్రిందనున్న పెడలుపై నుంచినపుడు కాలు చాచుకొనునంతవరకు తేవలెను. సీటు మరీ తగ్గియున్నచో పాదములు భారమును పంచుకొనవు, మోకాళ్లును నొచ్చును. సీటు ముక్కు పైకెత్తియున్నచో ఒత్తును, క్రిందికి వాలియున్నచో మనిషి జారి మణికట్లు నొచ్చును. సమముగ నుంచుటయే సరి.

చీర కుచ్చెళ్లు క్రింద మడతపడిన ఎంత మంచి సీటైనను వృథా. వానిని ముందే సరిజేసికొని కూర్చుండవలెను. గతుకుల గట్టుదారిని పోవువారికి స్ప్రింగుల సీటు నడుమును కాచును. తోలుసీటు కాలక్రమమున మనిషికి అమరునుగాని వానకు చెడును. మా ప్రాంతపు వానలకు దానిపై తొడుగు లేక గడువదు. జెల్ తొడుగులు చెమటను పట్టి జారుచుండును. అవి మాకు రుచింపవు.

తొలి రెండు వారములు ఎముకల చోట కలుగు సలుపు సహజము, తానే తగ్గును. తిమ్మిరి గాని, మంట గాని, పుండు గాని యైనచో ఓర్చుకొనరాదు. సీటును మార్చవలెను, తగ్గకున్నచో స్త్రీవైద్యురాలికి చూపవలెను. ప్రసవమున కుట్లు పడినవారు ఆమె యనుమతి లేక సైకి లెక్కరాదు. క్రొత్త సీటును పట్టణపు నున్నని వీధిలో గాక, నిత్యము పోవు దారిలో గంటసేపు తొక్కి చూచువరకు పాత సీటును పారవేయకుడు.