సత్తు పట్టిన పట్టు

సత్తు గిన్నెలో చింతపండు పులుసు నిలవ వుంచకూడదనీ, చాకలిసోడాతో దాన్ని తోమకూడదనీ మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. పులుసు గిన్నెను కొద్దికొద్దిగా తింటుంది. సోడా దాన్ని నల్లబరుస్తుంది. ఎందుకలాగని అడిగితే మాత్రం, "మా అమ్మ చెప్పింది" అంటారు. ఆ అమ్మ చెప్పిన మాట మోటారు సైకిలు ఇంజనుకు కూడా అక్షరాలా వర్తిస్తుందంటే మీరు నవ్వవచ్చు. నేనూ నవ్వేవాణ్ణే, మొన్న వానకాలం వెళ్లాక మా అక్కయ్యగారింట్లో పది రోజులు జరిగిన వ్యవహారం చూడకపోయి వుంటే.

అక్కయ్య వాళ్లుండేది సికిందరాబాదు పక్కన సైనిక్‌పురిలో. సైన్యంలో పనిచేసి విరమించుకున్నవారి కోసం వెలసిన కాలనీ అది. ఇప్పుడు కాఫీ హోటళ్లూ, బట్టల దుకాణాలూ వచ్చి సందడి పెరిగిందిగాని, లోపలి వీధుల్లో వేపచెట్ల కింద పాత బంగళాలు ఇంకా వున్నాయి. అలాంటి ఇంటి వెనక రేకుల పాకలో మా బావగారి బుల్లెట్టు వుంది. ఆయన పోయి అయిదేళ్లయింది. అయిదు వానకాలాలు ఆ బండి కదలలేదు. "ఈ నెలాఖరుకి అది నడిస్తే వుంచుదాం, లేకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. రోజూ దాన్ని చూడలేను" అన్నది అక్కయ్య. ఆ మాటలో కోపం లేదు. అందుకే మా మేనల్లుడికి భయం వేసింది.

బుల్లెట్టు సంగతి తెలియనివారుండరు. 1955లో ఇంగ్లండు కంపెనీవారూ, మద్రాసు మోటార్సు వారూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి మద్రాసులో తయారీ మొదలుపెట్టారు. మన సైన్యానికి సరిహద్దు దారుల్లో తిరగడానికి అలాంటి బండి కావలసివచ్చింది. అందుచేత సైనిక్‌పురిలో పాత బుల్లెట్టు కనిపించడం, అగ్రహారంలో పాత పంచాంగం కనిపించడంలాంటిదే.

ఈ బండికి వచ్చిన చిక్కు ఒక్కటే. ఇంజను పైభాగాన్ని, అంటే హెడ్డును, అల్యూమినియంతో పోతపోస్తారు. గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే కార్బురేటరుకూ ఆ హెడ్డుకూ నడుమ మెడలాంటి ముక్క ఒకటుంది. మెకానిక్కులు మానిఫోల్డు అంటారు. బావగారు ఎప్పుడో వేరే కార్బురేటరు పెట్టించినప్పుడు వేయించినది. అదీ అల్యూమినియమే. దాన్ని పట్టి వుంచేవి రెండు ఉక్కు స్టడ్లు. కార్బురేటరు సులువుగానే వచ్చింది. నట్లూ వచ్చాయి. మెడ మాత్రం ఊడదు! అది రాకపోతే లోపలి పగిలిన గాస్కెట్టు మార్చలేం. ఆ పగులులోంచి దొంగగాలి దూరితే పెట్రోలు పాలు తగ్గి ఇంజను మితిమీరి కాగుతుంది, పిస్టనుకే ప్రమాదం.

మేనల్లుడు సుత్తి అందుకున్నాడు. అదే సమయానికి ఎదురింటి సుబేదారుగారు గేటు తీసుకుని రావడం మా అదృష్టం. ఆయన ఇ.ఎం.ఇ. దళంలో, అంటే సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే శాఖలో, పనిచేసి విరమించినవారు. ఆ దళానికి సికిందరాబాదులో పెద్ద కళాశాలే వుంది.

"బాబూ, ఆ సుత్తి కింద పెట్టు. హెడ్డు చెవి విరిగితే మీ అమ్మగారి మాట ఈ పూటే నెగ్గుతుంది" అన్నారాయన.

"మరి ఎలా వస్తుందండీ, సుబేదారుగారూ?" అన్నాను.

"అది ఎందుకు పట్టుకుందో ముందు చూడండి, మాస్టారూ" అని వేలితో స్టడ్డు మొదట్లో గీరారు. తెల్లని పొడి రాలింది.

ఆ పొడిలోనే వుంది కథంతా. అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే తనమీద ఒక పొర కప్పుకుంటుంది. దాని మందం మిల్లీమీటరులో లక్షల వంతుల లెక్క. కంటికి కనబడదు. కాని మహా గట్టిది. లోహం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతే, ఆ పొర కరగడానికి రెండువేల డిగ్రీలు దాటాలి. కెంపులూ నీలాలూ ఆ పదార్థమే, రంగు కలిసిన స్ఫటికాలు. మన గిన్నెను కాపాడేది ఆ పొర. పులుసూ సోడా ముందు కరిగించేది దాన్నే.

అయితే అల్యూమినియాన్ని ఉక్కుతో ఆనించి, నడుమ తేమ చేరనిస్తే కథ మారిపోతుంది. రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలాగా పనిచేస్తాయి. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. అలా పుట్టిన తెల్లపొడి, తాను పుట్టిన లోహంకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. స్టడ్డుకూ రంధ్రానికీ మధ్య వున్న వెంట్రుకవాసి సందులో అది మేకులాగా బిగుసుకుంటుంది. అయిదు వానకాలాలు అక్కడ జరిగిన పని అదే.

దానికి సుబేదారుగారు చెప్పిన వైద్యంలో సగం ఓపికే. మొదట తుప్పు వదిలించే పలుచటి నూనె రెండు స్టడ్ల మొదట్లో పొద్దునా సాయంత్రమూ పోయాలి. మూడు రోజులు అలా నాననివ్వాలి. నానినచోట కొయ్యసుత్తితో మెల్లగా చుట్టూ తట్టాలి. కొట్టడం కాదు, తలుపు తట్టినట్టు. సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తడం మహాపాపం. అక్కడ పడ్డ గీత తరవాత దొంగగాలికి దారి అవుతుంది.

నాలుగోనాడు వేడి. పెట్రోలు ట్యాంకును విప్పి ఇంటి అవతలి వైపు పెట్టించారు, నూనె తుడిపించారు, బండిని ఆరుబయటికి తెచ్చారు. ఈ మూడూ కానిదే వేడి ఊసెత్తనివ్వలేదు. మెడచుట్టూ గుడ్డ చుట్టి కళపెళ కాగే నీళ్లు పోశారు. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు గ్లాసులను మనమెలా విడదీస్తాం? పైదాన్ని వేడినీళ్లలో వుంచి లోపలిదాంట్లో చన్నీళ్లు పోస్తాం కదా! ఇదీ అంతే, పైగా ఇక్కడ ఇంకో సాయం వుంది. వేడికి అల్యూమినియం ఉక్కుకన్న దాదాపు రెండింతలు సాగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు దగ్గర, నూరు డిగ్రీలు పెరిగితే, ఆ తేడా మిల్లీమీటరులో నూరోవంతు కూడా వుండదు. ఆ మాత్రం చాలు, తెల్లపొడి పట్టు చిట్లడానికి.

నీళ్లు చాలని మొండి ముక్కలకు మంట చూపిస్తారు. ఇనుము ఎర్రబడి చెప్తుంది, అల్యూమినియం అలా చెప్పదు. రంగు మారకుండానే ఉన్నట్టుండి కారిపోతుంది. పాతకాలపు వెల్డరు సబ్బుతో ఒక గీత గీసి, అది గోధుమరంగుకు తిరగ్గానే మంట తీసేస్తాడు. మాకా అవసరం రాలేదు. మూడో కెటిల్ నీళ్లకు "టిక్" మని చిన్న చప్పుడైంది. అటూ ఇటూ ఊపుతూ లాగితే మెడ చేతిలోకి వచ్చింది. అంతసేపూ కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న అక్కయ్య, ఏమీ అనకుండా ఇంకో కెటిల్ పొయ్యిమీద పెట్టింది, ఈసారి టీకి.

స్టడ్లు కూడా దెబ్బతిన్నాయి కనుక తీయాలి. ఒక్కో స్టడ్డుకు రెండు నట్లు ఎక్కించి ఒకదానిమీద ఒకటి బిగిస్తే, కిందిదాన్ని తిప్పినప్పుడు స్టడ్డే తిరుగుతుంది. ఒక పావు చుట్టు వదులు, మళ్లీ కొంచెం బిగింపు, మళ్లీ వదులు, అలా తీశారు. ఒకే ఊపున తిప్పితే తల తెగి, డ్రిల్లుతో తొలిచి కొత్త మరలు దించవలసివచ్చేది. కొత్త స్టడ్లూ గాస్కెట్టూ రాణిగంజిలో దొరికాయి.

ఇక రంగు. హెడ్డుకు రంగు వద్దన్నారు సుబేదారుగారు. దాని రెక్కలు వేడిని వదిలేందుకున్నవి. మందంగా రంగు పూస్తే ఇంజనుకు దుప్పటి కప్పినట్టే. నాకూ అదే బాగనిపించింది. వానకు పుళ్లు పడ్డ పక్కమూతకు మాత్రం తప్పదు. రంగు వేసిన అల్యూమినియం ఆరు నెలల్లో అప్పడంలా పొరలు లేవడం మీరు చూసే వుంటారు. తప్పు సాధారణంగా రంగుది కాదు, కిందిదాన్ని సిద్ధం చేసినవాడిది.

మొదట జిడ్డు పోవాలి. జిడ్డు వుండగా ఎమరీ కాగితం రుద్దితే దాన్ని లోపలికి ఎక్కించినట్టే. పాత పోతలో సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో ఏళ్లనాటి నూనె దాగి వుంటుంది. అందుకని మూతను వేడిచేసి, చెమట పట్టినట్టు నూనె పైకి రాగానే తుడిచి, మళ్లీ వేడిచేశారు. ("నా కేకుల పొయ్యి ఇవ్వను" అన్నది అక్కయ్య, హాట్ గన్నుతో సరిపెట్టుకున్నాం.) తరవాత సబ్బునీళ్లు. పాత రంగు ఊడగొట్టడానికి కాస్టిక్ సోడా పనికిరాదు. అది అల్యూమినియాన్నే తింటూ మండే వాయువు వదులుతుంది. ఉక్కు తీగల బ్రష్షూ వద్దు. దాని తునకలు లోహంలో దిగి మళ్లీ అదే తగువు మొదలుపెడతాయి. 240 నంబరు కాగితం, ఆపైన 400. తమాషా ఏమంటే, ఎమరీ గరుకు కూడా చాలామటుకు అల్యూమినియం పొర జాతిదే.

శుభ్రమైందో లేదో నీళ్లే చెప్తాయి. నీళ్లు పోస్తే ఒకే తెరలా పరుచుకోవాలి. తామరాకుమీదిలా ముత్యాలు కడితే ఇంకా జిడ్డున్నట్టు. మాకు రెండుసార్లు ముత్యాలే కట్టాయి. మూడోసారి కుదిరింది. ఆరాక వేలు తగలనివ్వకూడదు, ఆ గంటలోనే ప్రైమరు పడాలి. మామూలు ప్రైమరు కాదు, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఆమ్లం గల ఎచ్ ప్రైమరు. దాన్ని పలుచగా వేయాలి. వాటిలో కొన్నింట క్రోమేటు అనే విషం వుంటుంది కనుక ముక్కుకు మాస్కు కట్టుకుని, పిల్లల్ని దూరంగా వుంచి, ఆరుబయట వేశాం. మెడ ఆనే ముఖాలకు రంగు అంటకుండా టేపు అతికించాం.

మెడను తిరిగి బిగించేముందు సుబేదారుగారు మందపాటి అద్దంమీద ఎమరీ కాగితం పరిచి, ఆనే ముఖాన్ని దానిమీద రుద్దారు. నడుమ మెరవకుండా చివరలే మెరిశాయి. అంటే గతంలో ఎవరో అతిగా బిగించి వంచారన్నమాట. అంతటా ఒకేలా మెరిసేదాకా రుద్ది, స్టడ్లకు పట్టేయకుండా గ్రీజు పూసి, నట్లను చెరొక పావు చుట్టు చొప్పున బిగించారు.

నెలాఖరు ఇంకా రెండు రోజులుండగా ఇంజను పలికింది. మెడచుట్టూ నూనె చుక్కలు వేసి విన్నాం. చప్పుడు మారలేదు, దొంగగాలి లేదు. అక్కయ్య దగ్గరికి వచ్చి సీటుమీది దుమ్ము తన చెంగుతో తుడిచింది. మేనల్లుడు వెంటనే ట్యాంకు నింపుకురాబోతే సుబేదారుగారు ఆపారు. కొత్త ఎనామిలు మీద పెట్రోలు పడితే మెత్తబడుతుంది. వారం రోజులు ఒక్క చుక్క ఒలకకూడదు. రేపు పొద్దున ఇంజను చల్లగా వుండగా ఆ రెండు నట్లూ మరొకసారి చూడాలి.