తేలిక లాప్‌టాపు: అందలి లాభనష్టములు

వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు రహదారిమీద మరిపెడ యున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016లో ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది. చుట్టును ప్రత్తి, మిరప, వరి పండించు పల్లెలును, తండాలును కలవు. ఇట్టి ఊరి పాఠశాలలో పదవ తరగతి ముగించి పైచదువునకు పోవు విద్యార్థికి నేడు పుస్తకములతోపాటు లాప్‌టాపు కూడ కావలసి వచ్చుచున్నది. ఒడిలో పెట్టుకొని పనిచేయదగిన కంప్యూటరునకే లాప్‌టాపు అని పేరు. పంట అమ్మిన సొమ్ములోనుండి కుటుంబము దానికై ఒక్కసారి మాత్రమే వ్యయము చేయగలదు. కొన్న యంత్రము నాలుగేండ్లు పనికిరావలెను. బస్సులో మోసుకొనిపోవుటకు తేలికగా నుండవలెను. వెల తక్కువగా నుండవలెను. పని చురుకుగా జరుగవలెను. అవ్వా కావలెను, బువ్వా కావలెను అన్నట్లున్న ఈ కోరికలు ఒకే యంత్రమున ఎంతవరకు తీరును? ఒకటి పొందుటకు మరి యేది వదలుకొనవలసి వచ్చును?

పదకొండు కిలోలనుండి ఒక కిలోకు

1981లో అమెరికాలో వెలువడిన ఆస్‌బర్న్-1 అను కంప్యూటరు చేతిపిడి గల పెట్టెవలె నుండెను. దాని బరువు సుమారు 11 కిలోలు, వెల 1,795 డాలర్లు, తెర 5 అంగుళములు మాత్రమే. 2005 నవంబరులో ట్యునిస్ నగరమున నికొలస్ నెగ్రోపాంటే పిల్లలకొరకు నూరు డాలర్ల లాప్‌టాపు నమూనాను ప్రదర్శించెను. 2007లో అది ఉత్పత్తికి వచ్చునాటికి వెల 200 డాలర్లకు చేరువయ్యెను. అదే సంవత్సరము తైవాను దేశపు ఆసుస్ సంస్థ 7 అంగుళముల తెరతో, కిలోకంటె తక్కువ బరువుతో ఈ-పీసీ అను చిన్న యంత్రమును విడుదల చేసెను. కొన్ని యేండ్లు ఇట్టి యంత్రములు విరివిగా అమ్ముడైనవి. 2010 తరువాత టాబ్లెట్లు రాగా వాటి వాడుక తగ్గిపోయెను.

మన దేశమున 2011 అక్టోబరు 5న విద్యార్థులకొరకు ఆకాశ్ అను చౌక టాబ్లెటు విడుదలయ్యెను. అందలి మెమరీ 256 మెగాబైట్లు, ప్రాసెసర్ వేగము 366 మెగాహెర్ట్జ్. ఆనాటికే ఇవి మిక్కిలి స్వల్పములు.

తెలుగునాట ఇంతకు ముందే, 2008లో, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. ట్యూరింగ్ బహుమానము పొందిన తెలుగు శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డి దానికి తొలి కులపతి. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలోని విద్యాలయములకు పదవ తరగతి ముగించి వచ్చిన పల్లె విద్యార్థులకు లాప్‌టాపునే ముఖ్య బోధనసాధనముగా ఇచ్చిరి.

ఇక నేటి యంత్రములలో ఒకదానిని ఉదాహరణముగా తీసికొందము. 2023లో విడుదలైన జియోబుక్ బరువు 990 గ్రాములు. తెర 11.6 అంగుళములు, మెమరీ 4 గిగాబైట్లు, నిల్వ 64 గిగాబైట్లు. విడుదలనాటి వెల 16,499 రూపాయలు. ఈ తరగతికి చెందిన యంత్రముల స్వభావమంతయు ఈ అంకెలలోనే ఇమిడియున్నది.

బరువు - బ్యాటరీ

లాప్‌టాపు బ్యాటరీలో నిలువయుండు శక్తిని వాట్-గంటలలో కొలుతురు. వోల్టులను ఆంపియర్-గంటలచే గుణించిన అది వచ్చును. 7.6 వోల్టుల, 5 ఆంపియర్-గంటల బ్యాటరీలో 38 వాట్-గంటల శక్తి యుండును. యంత్రము 5 వాట్లు వాడినచో అది ఏడున్నర గంటలు వచ్చును. 10 వాట్లు వాడినచో నాలుగు గంటలైనను రాదు. కావున ఎక్కువ గంటలు పనిచేయుటకు ముఖ్యముగా రెండు మార్గములు. బ్యాటరీని పెద్దది చేయవలెను, లేదా ప్రాసెసర్ వాడకమును తగ్గించవలెను. మొదటిదానివలన బరువు పెరుగును, రెండవదానివలన వేగము తగ్గును.

లిథియం-అయాన్ ఘటములు కిలోకు సుమారు 200 వాట్-గంటల శక్తిని నిలుపగలవు. అనగా 38 వాట్-గంటలకు 190 గ్రాములు చాలును. ఇదే శక్తిని మోటారు వాహనములలోని సీసపు బ్యాటరీలో నింపవలెనన్నచో కిలోకు పైగా బరువు కావలసి వచ్చును. తేలిక లాప్‌టాపు సాధ్యమగుటకు ఇది ముఖ్య కారణము. అయితే ఈ ఘటములు కూడ అరుగును. సుమారు 500 సార్లు పూర్తిగా నింపి వాడిన పిమ్మట పెక్కు బ్యాటరీలలో తొలి శక్తిలో నూటికి 80 వంతులు మాత్రమే మిగులును. ఎండవేడిమిలో ఈ అరుగుదల మరింత త్వరపడును.

వేడి - పంకా

ప్రాసెసర్ వాడిన విద్యుచ్ఛక్తి యంతయు తుదకు వేడిగా మారును. పెద్ద లాప్‌టాపులో చిన్న పంకా ఆ వేడిని వెలుపలికి నెట్టును. తేలికయైన చౌక యంత్రములలో పెక్కింటికి పంకా ఉండదు. వేడి పైతొడుగు గుండనే గాలిలోనికి పోవలెను. ఇచ్చట న్యూటన్ శీతలీకరణ నియమము గుర్తుకు రావలెను. వస్తువునుండి వేడి పోవు వేగము వస్తువునకును, గాలికిని గల ఉష్ణోగ్రతాభేదముపై ఆధారపడును.

పైతొడుగు 48 డిగ్రీల వరకు వేడెక్కవచ్చునని అనుకొందము. డిసెంబరులో గది 23 డిగ్రీలున్నచో భేదము 25 డిగ్రీలు. మే నెలలో రేకుల యింటిలో 40 డిగ్రీలున్నచో భేదము 8 డిగ్రీలే. అనగా చలికాలమున 6 వాట్ల వేడిని వదలగల యంత్రము వేసవిలో 2 వాట్ల లోపే వదలగలదు. లోపల వేడి పేరుకొనకుండుటకు ప్రాసెసర్ తన వేగమును తానే తగ్గించుకొనును. చల్లని దుకాణములో చురుకుగా కనిపించిన యంత్రము వేసవి మధ్యాహ్నమున మందగించుటకు కారణమిదే. దానిని లోపముగా గాక భౌతిక నియమముగా గ్రహించవలెను.

అట్లని పంకా గలదే మేలని చెప్పుటకు వీలులేదు. పంకా గాలితోపాటు ధూళిని కూడ లోనికి లాగును. ప్రత్తి తీయు దినములలో గాలిలో తేలు నూగు పంకా రేకులకు చుట్టుకొని దారిని మూసివేయును. పంకా లేని యంత్రమునకు ఈ బెడద లేదు, చప్పుడును లేదు.

బల్ల - బీరువా

కంప్యూటరులోని మెమరీ చదువుకొను బల్లవంటిది. నిల్వ పుస్తకముల బీరువావంటిది. బల్ల పెద్దదైనచో పది పుస్తకములు ఒకేసారి తెరచి పెట్టుకొనవచ్చును. చిన్నదైనచో ఒకటి తెరచుటకు మరియొకటి బీరువాలో పెట్టవలెను. మెమరీ చాలనప్పుడు కంప్యూటరు చేయు పని ఇదే. చౌక యంత్రములలోని బీరువా తలుపు కూడ ఇరుకు. వానిలో వాడు ఈఎమ్ఎమ్‌సీ అను నిల్వ సెకండుకు గరిష్ఠముగా 400 మెగాబైట్లు అందించును. నేటి మంచి ఎస్ఎస్‌డీలు 2,000 మెగాబైట్లకు మించి అందించును.

విండోస్ 11కు తయారీదారులు నిర్ణయించిన కనీస ప్రమాణమే 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వ. కనీస ప్రమాణమనగా యంత్రము నడచునని మాత్రమే అర్థము. చురుకుగా నడచునని కాదు. తేలిక యంత్రములలో మెమరీని బోర్డుపై మాటువేసి అతికించుదురు. అందువలన పలుచదనము లభించును, కాని తరువాత పెంచుటకు వీలుండదు. నిల్వకు మాత్రము మెమరీ కార్డు చేర్చి కొంత ఉపశమనము పొందవచ్చును.

తెర - తెలుగు లిపి

తెర వైశాల్యము దాని కర్ణముయొక్క వర్గమును బట్టి మారును. 15.6 అంగుళముల తెర 11.6 అంగుళముల తెరకంటె సుమారు 1.8 రెట్లు పెద్దది. చిన్న తెరలలో సాధారణముగా నిలువున 768 చుక్కల వరుసలుండును. తెలుగు చదువువారికి ఇది గమనింపదగిన విషయము. స్త్రీ, రాష్ట్రము వంటి మాటలలో ఒత్తులు పంక్తికి దిగువన చేరును. గుడులు పైన నిలుచును. కావున తెలుగు పంక్తికి ఎక్కువ ఎత్తు కావలెను. మెనూలు, పట్టీలు పోగా 600 వరుసలు మిగిలినవనుకొందము. పంక్తికి 20 వరుసలు చాలు ఇంగ్లీషు 30 పంక్తులు పట్టును. 30 వరుసలు కావలసిన తెలుగు 20 పంక్తులే పట్టును. గంటలకొలది చదువు విద్యార్థికి ఇది స్వల్పమైన భేదము కాదు.

యంత్రముయొక్క ఆయుర్దాయము

లాప్‌టాపు ఆయువు విరుగుట, కాలుటలవలననే తీరదు. ఆపరేటింగ్ సిస్టమ్ అనబడు మూల ప్రోగ్రామునకు భద్రతా సవరణలు ఆగిపోయినప్పుడు కూడ అది వృద్ధాప్యము పొందినట్లే. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను. 2021నుండి వచ్చిన క్రోమ్‌బుక్ యంత్రములకు మాత్రము పదేండ్ల సవరణలు ఇత్తుమని గూగుల్ 2023లో ప్రకటించెను. చౌక యంత్రము కొనువారు వెలను గూర్చి అడిగినట్లే, సవరణలు ఏ సంవత్సరమువరకు వచ్చునని కూడ అడుగవలెను. 16,000 రూపాయల యంత్రము రెండేండ్లకే మూలబడినచో ఏటికి 8,000 రూపాయలు పడినట్లు. 28,000 రూపాయలది నాలుగేండ్లు నడచినచో ఏటికి 7,000 రూపాయలే.

అదే వెలకు, వాడి బాగుచేసిన పెద్ద లాప్‌టాపు కూడ దొరకవచ్చును. దానిలో మెమరీని, నిల్వను, బ్యాటరీని మార్చుటకు తరచు వీలుండును. కాని బరువెక్కువ, బ్యాటరీ అప్పటికే అరిగియుండును. పాత ప్రాసెసర్ గలవి విండోస్ 11ను స్వీకరింపవు. వానియందు ఉచితముగా లభించు లినక్సును వాడుకొనవచ్చును.

ఎంపిక - పరీక్ష

పై విషయములనుబట్టి ఒక సూత్రము తేలుచున్నది. తరువాత సరిచేసికొనగల లోపమును సహింపవచ్చును; సరిచేసికొనలేని లోపమును కొనునాడే వదలవలెను. నిల్వ తక్కువైనచో కార్డు చేర్చవచ్చును. మీటలు చిన్నవైనచో వేరొక కీబోర్డు తగిలించవచ్చును. తెర చిన్నదైనచో హాస్టలులో పెద్ద తెరకు కలుపవచ్చును. కాని మాటువేసిన మెమరీ, ప్రాసెసర్, సవరణల గడువు మారవు. పాఠములు చదువుట, వ్రాయుట, వీడియో చూచుట మాత్రమే పనియైనచో కిలో బరువు యంత్రము చక్కగా సరిపోవును. ఇంజనీరింగు చిత్రములు గీయుట, పెద్ద ప్రోగ్రాములు వ్రాయుట కావలసినచో 8 గిగాబైట్లకు తగ్గరాదు. అరకిలో బరువు ఎక్కువైనను మోయుటే మేలు. సర్వీసు కేంద్రము హనుమకొండలో గాని ఖమ్మములో గాని కలదేమో కూడ ముందుగా విచారింపవలెను.

పాఠశాలలో లాప్‌టాపు ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని ప్రయోగముగా చేయించవచ్చును. బ్యాటరీని పూర్తిగా నింపి, ఒక తెలుగు వ్యాసమును, ఒక వీడియో పాఠమును, పది వెబ్ పుటలను ఒకేసారి తెరువవలెను. పది నిమిషములకొకసారి బ్యాటరీ శాతమును, గది ఉష్ణోగ్రతను, పుట తెరచుకొనుటకు పట్టిన సెకండ్లను పట్టికలో వ్రాయవలెను. ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి చేసి రెండు గ్రాఫులను ఒకే కాగితముపై గీసినచో, ఉదయపు రేఖకును మధ్యాహ్నపు రేఖకును గల ఎడమును విద్యార్థులు కన్నులార చూడగలరు.