కాలిన యింటి ముందు నిలిచిన తల్లి

"మా పాప ఇంగ్లీషు డిగ్రీ చదువుతాంది, మంచిదే. గానీ ఎప్పుడో మూడు నూర్ల ఏండ్ల కిందట అమెరికాలో ఎవరో రాసినవి చదివి ఏం చేసుకుంటుంది సార్?"

కణేకల్ చెరువు కట్ట మీద ఒక తండ్రి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆ యేడు వాన మొగము చాటేసింది. శెనక్కాయ పైరు ఊడ దిగక మునుపే వాడిపోయింది. అటువంటి మనిషికి సాహిత్యము గొప్పతనము గురించి ఉపన్యాసము ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. "పిల్లతో పాటు ఒక సాయంత్రం మీరూ వచ్చి కూర్చోండి" అని మాత్రం అన్నాను.

మన విశ్వవిద్యాలయాలలో అమెరికా సాహిత్యము చదవడం కొత్త సంగతి కాదు. 1964లో హైదరాబాదులో, ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. దాని గ్రంథాలయము కోసం దేశము నలుమూలల నుండి అధ్యాపకులు వచ్చేవారు. అయితే పల్లె పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ సాహిత్యము గైడు పుస్తకంలోని అయిదు ప్రశ్నలుగా ఎండిపోయి వస్తుంది. నేనూ మొదట అలాగే చెప్పాను. సెలవుల్లో మందిరం వరండాలో ఏడుగురు పిల్లలను కూర్చోబెట్టి, ప్యూరిటన్లు అనగా ఎవరో నోట్సు వ్రాయించాను. ఇద్దరు నిద్రపోయారు. తప్పు వాళ్లది కాదు.

మరుసటి వారం పుస్తకము మూసిపెట్టి ఒక ప్రశ్న వేశాను. "రాత్రి ఇల్లు అంటుకుంది. మనుషులందరూ బయటపడ్డారు. ఇంకొక్కసారి లోపలికి పోయి ఒక్క వస్తువు తేవచ్చు. ఏం తెస్తారు?"

పాసుపుస్తకము అన్నాడొకడు. పదో తరగతి మార్కుల జాబితా అన్నదొక పిల్ల. అమ్మ కుట్టు మిషను, మేకపిల్ల... అందరూ ఒకేసారి అరుస్తున్నారు. చివర కూర్చున్న పిల్లవాడు మెల్లగా "నాయన ఫోటో సార్, ఉండేది ఒకటే" అన్నాడు. వరండా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు చెప్పాను ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కథ.

ఈమె 1630లో భర్తతో, తలిదండ్రులతో ఓడ ఎక్కి ఇంగ్లండు నుండి మసాచుసెట్స్ చేరింది. ఎనిమిదిమంది బిడ్డల తల్లి. ఇంటిపని మధ్య పద్యాలు వ్రాసుకునేది. ఆమెకు తెలియకుండానే మరిది ఆ వ్రాతప్రతిని లండనుకు తీసుకొనిపోగా 1650లో అది అచ్చయింది. 1666 జూలై 10 రాత్రి వాళ్ల ఇల్లు కాలిపోయింది. దాని మీద ఆమె వ్రాసిన పద్యములో మొదట, ఇచ్చినవాడే తీసుకొన్నాడని దేవునికి స్తుతి చెల్లిస్తుంది. అక్కడితో ఆగి ఉంటే మనము మరచిపోయేవాళ్లము. ఆమె ఆగలేదు. ఆ బూడిద పక్కగా నడిచేటప్పుడు ఇక్కడ పెట్టె ఉండేది, ఇక్కడ కూర్చునేదాన్ని, ఇక ఈ బల్ల దగ్గర ఏ అతిథీ భోంచేయడు అని ఒక్కొక్కటే తలచుకుంటుంది. తరువాత తన మనస్సును తానే గద్దించుకుంటుంది.

"స్తుతించినాక మళ్లీ ఏడ్చడం అవిశ్వాసమా?" అని అడిగాను. ఆ రాత్రి చర్చ ముప్పావుగంట నడిచింది. ఇంటర్ చదివే పిల్లవాడు "యోబు కూడా ఏడ్చినాడు గదా సార్" అన్నాడు. ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. నేను తీర్పు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. మీరు పోగొట్టుకున్న ఒక వస్తువు మీద పది వరుసలు వ్రాసుకొని రండి, ముందు తెలుగులో, తరువాత ఇంగ్లీషులో, అని పంపించాను.

విలియం బ్రాడ్‌ఫోర్డు చరిత్రకు వచ్చేసరికి మాకు శెనక్కాయలు పనికొచ్చాయి. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన ప్రయాణికులు 102 మంది. 102 కాయలు ఎంచి నేల మీద పోశాము. మొదటి చలికాలములోనే దాదాపు సగము మంది చనిపోయారని చెప్పి సగము తీసివేయమన్నాను. కాయలు తీసే పిల్ల చెయ్యి మధ్యలో ఆగింది. కరువు అంటే ఏమిటో ఈ ప్రాంతపు బిడ్డలకు వివరించనక్కరలేదు. వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీదికి వచ్చే చోట పెరిగినవాళ్లు. ఊరు విడిచి బెంగళూరికి పోయిన ఇండ్లకు వేసిన తాళాలు చూసినవాళ్లు.

అయితే కథ అంతటితో ముగిస్తే అది అబద్ధమవుతుంది. ఆ వలసదారులకు మొక్కజొన్న వేయడం నేర్పిన టిస్క్వాంటమ్ అనే స్థానికుని 1614లో ఒక ఆంగ్ల ఓడ నాయకుడు ఎత్తుకొనిపోయి స్పెయిన్‌లో అమ్మబోయాడు. అతడు ఎట్లో తప్పించుకొని 1619లో తిరిగి వచ్చేసరికి తన ఊరు ఊరంతా రోగముతో తుడిచిపెట్టుకుపోయి ఉంది. ప్లిమత్ కట్టింది ఆ ఊరి స్థలములోనే.

"అట్లయితే ఆ ఊరు ఎవరిది సార్?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. 1637లో పీకాట్ జనుల కోటను నిప్పంటించి స్త్రీలను, పిల్లలను కూడా చంపిన సంగతి బ్రాడ్‌ఫోర్డే వ్రాశాడు, అది దేవుడిచ్చిన జయమని కూడా వ్రాశాడు. మందిరం వరండాలో ఈ పేజీ చదవాలా వద్దా అని నేను రెండు రోజులు తటపటాయించాను. చదివాను. భక్తిపరులు వ్రాసిన పుస్తకమని దాచిపెడితే, రేపు కాలేజీలో వేరెవరో చెప్పినప్పుడు పిల్లలు నన్నే కాదు, నేను చెప్పిన మిగతా సంగతులను కూడా నమ్మరు. సేలమ్ సంగతి కూడా అలాగే చెప్పాను. 1692లో మంత్రగత్తెలని, మంత్రగాళ్లని 19 మందిని ఉరి తీశారు. చేతబడి నెపము మీద మనుషులను కొట్టడం మన పల్లెల్లోనూ విన్నారు కాబట్టి వాళ్లు ఆశ్చర్యపోలేదు. వాళ్లను ఆశ్చర్యపరచినది 1697లో జరిగింది. తీర్పు చెప్పినవారిలో ఒకడైన శామ్యూల్ సూయల్ సంఘము ముందు లేచి నిలబడి, తన తప్పును ఒప్పుకొనే చీటీని పాస్టరు చేత చదివించాడు.

నాకు అన్నిటికంటె ఇష్టమైన పాఠము జాన్ ఎలియట్ బైబిలు. 1663లో మసాచుసెట్స్‌లో అచ్చయిన ఆ సంపూర్ణ బైబిలు ఇంగ్లీషుది కాదు, అక్కడి ఆదివాసుల భాషది. అమెరికాలో అచ్చయిన మొదటి బైబిలు అదే. అక్షరాలు కూర్చినవారిలో జేమ్స్ ప్రింటర్ అనే స్థానిక యువకుడున్నాడు. పుస్తకము మీద మాత్రం ఎలియట్ పేరే. మనకూ ఇలాటి కథ ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ దే గ్రాంజ్, ఆనందరాయర్ సహాయముతో సువార్తలు తెలుగు చేశాడు. ఆయన 1810లో మరణించగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆనందరాయర్ పేరు మన సంఘాలలో ఎంతమంది విన్నారు?

ఆ ఆదివాసుల భాష మాట్లాడేవారు లేక నూరేండ్లకు పైగా మూగపోయింది. వాంపనోగ్ స్త్రీ జెస్సీ లిటిల్ డో బేర్డ్ 1993లో మొదలుపెట్టిన ప్రయత్నములో ఈ పాత బైబిలే పెద్ద ఆధారమై, పిల్లలు మళ్లీ ఆ భాష నేర్చుకుంటున్నారు. ఇది విన్న రోజు పిల్లలకు ఒక పని ఇచ్చాను. కన్నడము కలసిన మన తెలుగులో మీ అవ్వ మాత్రమే వాడే మాటలు అయిదు వ్రాసుకొని రండి అన్నాను. ఒకడు ఇరవైమూడు తెచ్చాడు.

పది వరుసలు వ్రాయమన్నాను గదా. చెరువు కట్ట మీద నన్ను అడిగిన తండ్రి కూతురు ఎండిన బోరు మీద వ్రాసింది. మూడోసారి బోరు వేసిన రాత్రి దుమ్ము తప్ప ఏమీ రానప్పుడు నాయన తువ్వాలతో మొగము తుడుచుకున్నాడనీ, అది దుమ్ము కోసమేనని తాను అనుకున్నట్టు నటించాననీ వ్రాసింది. చదివేటప్పుడు ఆయన వరండా మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. పిల్ల ఇంగ్లీషులో కూడా చదివింది. ఆయనకు అది అర్థము కాదు.

"ఇంగ్లీషుది ఇంకొకసారి చదువు పాపా" అన్నాడు.