సైనికుడి విరమణ సొమ్ము... రాబడి ఎంత ఆశించాలి?

మన సాయుధ బలగాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది విరమణ పొందుతున్నారు. సివిల్ ఉద్యోగి అరవై ఏళ్లకు ఇంటికి చేరితే, సిపాయి చాలావరకు నలభైకి అటూఇటూగానే యూనిఫాం విప్పుతాడు. అప్పటికి పిల్లలు బడి ఈడులో ఉంటారు. సొంతిల్లు ఇంకా కలే. గ్రాచ్యుటీ, భవిష్య నిధి, పింఛను కమ్యుటేషన్ కలిపి అంతకుముందు ఎన్నడూ చూడనంత సొమ్ము ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. మిగిలిన నలభై ఏళ్ల జీవితానికి అదే దన్ను. దానిపై ఎంత రాబడి వస్తుందన్న అంచనా తప్పితే, కుటుంబ భద్రతే దెబ్బతింటుంది.

కమ్యుటేషన్ లెక్క

సైనికులు తమ పింఛనులో సగం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు. అది ప్రభుత్వం ఇచ్చే బహుమతి కాదు, రాబోయే పింఛనును ముందుగా అమ్ముకోవడం. తదుపరి పుట్టినరోజుకు 40 ఏళ్లు నిండే జవాను నెలకు రూ.10 వేలు వదులుకున్నాడనుకుందాం. పట్టిక ప్రకారం గుణకం 9.09. అంటే చేతికి వచ్చేది రూ.10.90 లక్షలు. పదిహేనేళ్ల తరవాత పూర్తి పింఛను తిరిగి వస్తుంది. ఈలోగా వదులుకున్నది రూ.18 లక్షలు. ఈ మొత్తంపై ఏటా ఏడు శాతానికి పైగా మిగిలితేనే లెక్క సరిపోతుంది. కూతురి పెళ్లికో, ఇంటికో, అప్పు తీర్చడానికో అయితే సరే. 'ఎలాగూ ఇస్తున్నారు' అని తీసుకుని సేవింగ్స్ ఖాతాలో ఉంచితే నష్టమే.

భద్రమైన పథకాల్లో ఎంత?

పెద్దల పొదుపు పథకంపై వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది. గరిష్ఠంగా రూ.30 లక్షలు దాచుకోవచ్చు. ఆ రేటుకు మూడు నెలలకోసారి రూ.61,500 వస్తుంది. ఇతరులకు వయసు నిబంధన 60 ఏళ్లయితే, విరమణ పొందిన సైనికులకు 50 ఏళ్లకే అవకాశం ఉంది. నలభైలోపు బయటికొచ్చిన సిపాయికి మాత్రం అదీ అందదు. అతడికి మిగిలేవి బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లు. వాటిపై రాబడి ఏడు శాతానికి అటూఇటూ. ద్రవ్యోల్బణానికి రిజర్వు బ్యాంకు పెట్టుకున్న లక్ష్యమే నాలుగు శాతం. ధరల పెరుగుదల, పన్ను పోను అసలుకు చేరేది ఏటా రెండు శాతం దాకా. ఊళ్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి 24 శాతం. ఆ లెక్కకు అలవాటుపడిన వారికి ఇది చప్పగా తోస్తుంది. మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే.

అగ్నివీరుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన తొలి బృందాలకు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. శాశ్వత సర్వీసుకు ఎంపికకాని వారికి సేవానిధి కింద సుమారు రూ.11.71 లక్షలు అందుతాయి. పింఛను, గ్రాచ్యుటీ ఉండవు. ఆ మొత్తాన్ని ఏడు శాతానికి దాచితే నెలకు వచ్చేది రూ.6,800. ధరలు ఏటా అయిదు శాతం పెరుగుతుంటే, అసలు విలువ తరగకుండా వాడుకోగలిగేది నెలకు రెండు వేల లోపే. పాతికేళ్లయినా నిండని యువకుడికి అది జీవనాధారం కాదు. చదువుకో, వృత్తి నైపుణ్యానికో పెట్టుబడి మాత్రమే.

షేర్ల సంగతేమిటి?

దీర్ఘకాలంలో షేర్లు డిపాజిట్లకన్నా ఎక్కువ ఇచ్చిన మాట నిజం. ఆ దారి సాఫీగా మాత్రం లేదు. 2008 జనవరిలో 21 వేలను తాకిన సెన్సెక్స్ అక్టోబరుకు పది వేల దిగువకు జారింది. 2020 జనవరిలో 42 వేలు తాకిన సూచీ మార్చి 23న 26 వేల లోపునకు పడింది. ఆ రెండుసార్లూ కోలుకున్నది, ఓపిక పట్టగలిగినవారి సొమ్మే. అందుకే పదేళ్లదాకా అక్కర్లేని భాగాన్నే, అదీ దఫదఫాలుగా మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలి. అక్కడా 'ఏటా 15 శాతం ఖాయం' అన్న మాట నమ్మకూడదు.

ఖాయమంటూ అధిక వడ్డీ చూపినవారి చరిత్ర మనకు తెలుసు. 2013లో బెంగాల్‌లో శారదా గ్రూపు కూలింది. ఆంధ్రప్రదేశ్‌లో అగ్రిగోల్డ్ లక్షల కుటుంబాలను రోడ్డున పడేసింది. బ్యాంకు డిపాజిట్‌కైనా బీమా ఒక్కో బ్యాంకులో రూ.5 లక్షల వరకే. సొమ్మంతా ఒకేచోట పెట్టకపోవడం ఉత్తమం.

తొలి ఏడాది ఖర్చులకు సరిపడా విడిగా ఉంచి, అధిక వడ్డీ అప్పులు తీర్చి, ఆరోగ్య అవసరాలు చూసుకున్నాకే పెట్టుబడి గురించి ఆలోచించాలి. రాబడి అంచనాను ద్రవ్యోల్బణంపై ఒకటి, రెండు శాతానికి మించి వేసుకోకపోతే నిరాశ ఉండదు. పునరావాస శిక్షణ ఇచ్చే రక్షణ శాఖ ఈ లెక్కలనూ అందులో భాగం చేయాలి. కమ్యుటేషన్ పత్రంపై సంతకానికి ముందే, ఎంత వస్తుందో, ఎంత పోతుందో ప్రతి జవానుకూ అతడి మాతృభాషలో వివరించాలి. సరిహద్దులో సర్కారు మాటను నమ్మి నిలబడినవాడికి ఆ మాత్రం చేయడం సర్కారు బాధ్యత.